మెడపట్టీ

నర్సాపురం స్టీమరు రోడ్డులో
ఫొటో ఫ్రేముల షాపు నాది.
దేవుళ్ళకీ పోయినవాళ్ళకీ ఒకే బీడింగు,
అడుక్కింత.

మిషను బంగళా అమ్మేశాక
పాత సామాన్ల వెంకన్న ఒక పటం తెచ్చి
"చెక్కైనా పనికొత్తదేమో సూడు" అన్నాడు.
మేకులు పీకితే వెనకట్ట పొడైపోయింది.
వెండిపురుగు ఒకటి రాణిగారి భుజమ్మీంచి
తీరుబడిగా నడిచిపోయింది.

అవును, రాణే.
కింద రాతుంది, నాకు రాని భాషలో.
అంకెలు మాత్రం తెలిశాయి: ఒకటి, ఆరు, నాలుగు,
ఆఖరిది పురుగు తినేసింది.
సెమినరీలో చదివిన ముసలి పాస్టరుగారు
కళ్ళజోడు తుడుచుకుని కూడబలుక్కుని
"రాజ్యం పోయి పరాయిగడ్డమీదున్న రాణి అయ్యా.
ఏ రాజ్యమో, ఆ ముక్కే చిరిగింది" అన్నారు.

రాగిరేకు మీద చెక్కి, సిరా పూసి అద్దిన బొమ్మట.
దగ్గరికెళితే ముఖం లేదు,
అన్నీ గీతలే.
చెంపమీద సన్నటి నాగటిచాళ్ళు,
గడ్డం కింద అడ్డగీతా నిలువుగీతా కలిసి చీకటి.
రెండడుగులు వెనక్కేస్తే
మళ్ళీ మనిషౌతుంది. మనవైపు చూడదు.
కిరీటం తలమీద లేదు, పక్కన బల్లమీదుంది,
స్నానానికి వెళ్తూ తీసిపెట్టిన గాజుల్లా.

ఆ వారమే మేడిది ఎస్తేరు రాణి వచ్చింది
మొగుడి ఫొటో కట్టించుకోడానికి.
ఆధార్ కార్డులోదే పెద్దది చేయించింది.
ఇంకోటి తీయించుకునే తీరిక ఆయనకి దొరకలేదు.
ఆరో ఏటినుంచీ లేసు అల్లిన చెయ్యి.
చూపుడువేలి పక్కన సూది రాసి రాసి
శనగగింజంత కాయ.

బేరమాడుతూ మధ్యలో ఆగిపోయింది.
ముఖం చూడలేదు, కిరీటం చూడలేదు.
రాణి మెడచుట్టూ భుజాలదాకా పరుచుకున్న
లేసు పట్టీ దగ్గర వంగి
పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

"ఇది మన సూదిపని కాదండి, ఇంకేదో పని.
కానీ ఒక చెయ్యి కాదు, ఇద్దరు.
ఎడంపక్క బిగువు, కుడిపక్క వదులు.
ఇదిగో, ఈ ఏడో పువ్వుకి రేకొకటి తక్కువ.
అల్లినమ్మాయికి నిద్రొచ్చుంటది.
గీసినాయన దాన్నీ వదల్లేదు సూడండి."

భూతద్దం పెట్టి చూశాను.
ఐదు రేకులు. మిగతా అన్నిటికీ ఆరు.

"ఏ ఊరి రాణండి?"
"రాజ్యం పోయిందంట."
"పోడమంటే?"
యుద్ధమో, దాయాదులో,
రాత్రికి రాత్రి పడవెక్కించేశారేమో అన్నాను.
"ఆయ్" అంది, నమ్మకుండా.

డబ్బులకోసం విప్పిన ప్లాస్టిక్ కవర్లోంచి
పాసుబుక్కు జారి బల్లమీద పడింది.
ఎనభై సెంట్లు, కొబ్బరి,
కొంగలంక, సర్వే నంబరుతో సహా.
ఆ లంకని గోదారి మూడు వర్షాకాలాల్లో నమిలేసింది.
ఆఖరి చెట్టు వేళ్ళు గాల్లోకి చాపుకుని
వారంరోజులు ఆలోచించి మరీ పడిందట.
"నీళ్ళకి శిస్తు కట్టమంటారేమో అని బయ్యం.
అయినా పారెయ్య బుద్దవ్వదండి."

ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి
పెద్ద మాటలు చెప్పే చదువు నాకు లేదు.
ఆ రాణికి ఎక్కడికెళ్ళినా
ఎవరో ఒకరు పీట వేసే ఉంటారు.
ఈ రాణి రెండు వానలు
ఏటిగట్టు మీద బరకం కిందే ఉంది.

ఈనాడు పేపరు మీద పట్టీ నమూనా గీసుకుని వెళ్ళింది.
పద్దెనిమిదో రోజున వచ్చింది
ఫొటో చుట్టూ అతికించమని తెల్లటి లేసుతో.
ఎందుకో నేనూ లెక్కపెట్టాను.
ఏడో పువ్వు. ఐదు రేకులు.

"తప్పు తెలిసి కూడా అలాగే అల్లేవే?"

"ఆ పిల్ల అలిసిపోయిందండి.
మనమెవరం, ఇప్పుడు లేపడానికి."

బీడింగుకి డబ్బులు తీసుకున్నాను.
అద్దానికి తీసుకోలేదు.